డ్రైవర్ ఏ తప్పు కాస్తుంది, ఏ తప్పు కాయదు

పాఠకుల ప్రశ్నలు, మా జవాబులు

గోల్ఫ్‌లో బంతిని అన్నిటికంటే దూరం కొట్టే కర్ర డ్రైవర్. దాని గురించి వచ్చిన ఉత్తరాలన్నీ ఈసారి ఒకచోట చేర్చాం. కొత్తవారికి దాని భాగాలు: కర్ర షాఫ్ట్, చేత్తో పట్టుకునేది గ్రిప్, కొసనున్న తల హెడ్, బంతికి తగిలే దాని ముందుభాగం ఫేస్, ఫేస్ వెనక్కి వాలిన కోణం లాఫ్ట్, ఫేస్‌లో షాఫ్ట్ వైపు కొస హీల్, అవతలి కొస టో. మన గోదావరి డెల్టాలో ఈ ఆట ఆడేవారికి కోర్సు, అంటే గోల్ఫ్ మైదానం, కావాలంటే విశాఖో హైదరాబాదో వెళ్ళాలి. సాధన మాత్రం దాళ్వా కోసిన చేలో, కొబ్బరితోటలో, మేడ మీద. పక్కన నిలబడి చూసి చెప్పే కోచ్ ఉండడు. అందుకే తప్పు ఎక్కడుందో ఎవరికి వారే కనిపెట్టుకునే పద్ధతులకు ఎక్కువ చోటిచ్చాం. జవాబులన్నీ కుడిచేతి ఆటగాళ్ళను దృష్టిలో పెట్టుకుని రాసినవి. ఎడమచేతివారు కుడి ఎడమలు మార్చి చదువుకోవాలి.

ప్రశ్న (రొయ్యల రైతు, భీమవరం): మా అబ్బాయి డాలస్ నుంచి వస్తూ డ్రైవర్ తెచ్చాడండి. 9 డిగ్రీల లాఫ్ట్, స్టిఫ్ (తక్కువ వంగే) షాఫ్ట్. 460 సీసీ హెడ్డు కదా, తప్పు కొట్టినా అదే సర్దుకుంటుందన్నాడు. నా బంతి పదింటికి ఏడు కుడిపక్క పంటకాలువలోకే పోతోంది. లోపం డ్రైవర్‌దా, నాదా?

జవాబు: ఇక్కడ తప్పులు రెండు రకాలండీ. బంతి ఫేస్ మీద ఎక్కడ తగిలిందన్నది ఒకటి. తగిలే క్షణంలో ఫేస్ ఎటు చూస్తోందన్నది రెండోది. కంపెనీలు ఫర్‌గివ్‌నెస్ అని గొప్పగా చెప్పే తప్పు కాచే గుణమంతా మొదటిదానికే. రెండోదాన్ని ఏ హెడ్డూ కాయదు. మీ అబ్బాయి చెప్పింది అబద్ధం కాదు గానీ, అది సగం మాట.

మొదటి తప్పును హెడ్ ఎలా కాస్తుందో కావడి మోసినవారికి ఇట్టే తెలుస్తుంది. బరువు రెండు కొసలా వేలాడుతుంటే కావడిని భుజం మీద గభాలున తిప్పలేం. అదే బరువు మధ్యకు జరిపి కడితే ఒక్క చేత్తో తిరిగిపోతుంది. డ్రైవర్ హెడ్ బరువు సుమారు 200 గ్రాములు. ఆ 200 గ్రాముల్ని అంచులకు, ముఖ్యంగా వెనక కొసకు చేరిస్తే, బంతి పక్కన తగిలినా హెడ్ తక్కువ తిరుగుతుంది, వేగమూ తక్కువ పోతుంది. ఇంటర్ ఫిజిక్సులో జడత్వ భ్రామకం అని చదువుకున్నది ఇదే. హెడ్‌ని పెద్దది చేసింది అంచులు దూరం జరగడానికి. పైభాగాన్ని అర మిల్లీమీటరు మందం టైటానియంతోనో, కార్బన్ ఫైబర్‌తోనో చేస్తున్నది అక్కడ మిగిలిన గ్రాములను వెనక్కి పంపడానికి. ఇక 460 సీసీ అంటారా, 2004 నుంచి నిబంధనలు ఒప్పుకునే గరిష్ఠ పరిమాణం అది. ఇప్పుడు బజారులో ఉన్న డ్రైవర్లలో చాలామట్టుకు దాదాపు అంతే ఉంటాయి. కాబట్టి ఆ అంకె చూసి ఏమీ తేల్చలేం. ఒకే 460 సీసీలో బరువు ముందుకు పెట్టిన హెడ్ వేగంగా కొట్టేవారి కోసం, బంతి స్పిన్ తగ్గించడానికి. వెనక్కి పెట్టిన హెడ్ మనలాంటి వారి కోసం.

రెండో తప్పు లెక్క చూడండి. ఫేస్ 4 డిగ్రీలు కుడికి తెరుచుకుని ఉంటే, బంతి ఏ వంపూ లేకుండా పోయినా 200 గజాల దగ్గర 14 గజాలు పక్కకు పడుతుంది. దానిమీద వంపు కూడా చేరుతుంది. కాలువ దగ్గరే ఉంటే ఇక చెప్పేదేముంది.

మీది ఏ తప్పో తేల్చడానికి ఒక సాయంత్రం చాలు. సుద్దముక్కను నీళ్ళలో తడిపి ఫేస్ మీద పల్చగా రాసి ఆరనివ్వండి. చేలో బంతికి పది అడుగుల ముందు, గురి గీత మీదే, సన్నటి వెదురుగెడ పాతండి. గెడ పొట్టిదై ఉండాలి, బంతి దానికి తగలకూడదు. పది బంతులు కొట్టండి. ప్రతి బంతికీ రెండు సంగతులు రాసుకోండి: సుద్దలో గుర్తు ఎక్కడ పడింది, బంతి గెడకు ఏ పక్కగా బయల్దేరింది. రెండు మూడు దెబ్బలకొకసారి సుద్ద తుడిచి మళ్ళీ రాయాలి, లేదంటే గుర్తులు కలిసిపోతాయి. పోటీలో మాత్రం ఫేస్ శుభ్రంగా ఉండాలి, పూత పూయడం నిబంధనలకు విరుద్ధం.

ఫేస్ మధ్యలో పది రూపాయల బిళ్ళ పెట్టి చూడండి. దాని అడ్డుకొలత 27 మిల్లీమీటర్లు. పది గుర్తుల్లో ఏడెనిమిది ఆ బిళ్ళలోపల ఉంటే మీ తగులు బాగుంది. ఇంకా తప్పు కాచే హెడ్ కొన్నా మీకు ఒరిగేది తక్కువ. గుర్తులు బిళ్ళ దాటి చెల్లాచెదురుగా ఉంటే అప్పుడు హెడ్ మార్చడంలో అర్థముంది.

తర్వాత గెడ సంగతి. బంతి బయల్దేరే దిశలో ముప్పాతిక వంతుకు పైగా ఫేస్ చూపుదే. మధ్యలో తగిలిన బంతి గెడకు కుడిగా బయల్దేరితే తగిలే వేళకు ఫేస్ తెరుచుకునే ఉంది. గెడ మీదుగానో ఎడమగానో బయల్దేరి తర్వాత కుడికి వంగితే, ఫేస్ కంటే హెడ్ దారి ఇంకా ఎడమకు ఉంది, అంటే బయటినుంచి లోపలికి నరికినట్టు కొడుతున్నారు. టో మీదో హీల్ మీదో తగిలిన బంతుల్ని ఈ లెక్కలో కలపకండి, అవి వేరే కారణంతో వంగుతాయి. ఆ సంగతి తర్వాతి జవాబులో ఉంది.

మీ చేతిలో ఉన్న డ్రైవర్ మాటకొస్తే, 9 డిగ్రీల లాఫ్ట్ మీ స్లైస్‌ను, అంటే బంతి కుడికి వంగిపోవడాన్ని, పెంచుతోందనే మా అభిప్రాయం. లాఫ్ట్ తక్కువైతే బంతికి వెనకస్పిన్ తక్కువ. వెనకస్పిన్ తక్కువైనకొద్దీ అదే పక్కతప్పు బంతి తిరిగే అక్షాన్ని ఎక్కువ వాలుస్తుంది, అక్షం ఎంత వాలితే బంతి అంత వంగుతుంది. ఫేస్‌కూ దారికీ 4 డిగ్రీల తేడా ఉందనుకుందాం. తగిలేటప్పుడు లాఫ్ట్‌కూ హెడ్ కదలికకూ మధ్య కోణం 12 డిగ్రీలైతే అక్షం సుమారు 18 డిగ్రీలు వాలుతుంది. ఆ కోణం 15 అయితే వాలు 15 డిగ్రీలకు దిగుతుంది. చేతిలో తప్పు అదే, వంపు మాత్రం తగ్గింది. 10.5 లేదా 12 డిగ్రీల హెడ్, రెగ్యులర్ (కాస్త మెత్తని) షాఫ్ట్ అడిగి తీసుకుని ఇదే పది బంతుల పరీక్ష మళ్ళీ చెయ్యండి. లాఫ్ట్ పెరిగితే దూరం పోతుందని భయపడతారు చాలామంది. మామూలు వేగంతో కొట్టేవారికి చాలాసార్లు జరిగేది దానికి తలకిందులు. బంతి గాలిలో కాసేపు ఎక్కువ నిలిచి, దూరం కలిసొస్తుంది.

ప్రశ్న (డిగ్రీ విద్యార్థి, రావులపాలెం): డ్రైవర్ ఫేస్ చదునుగా ఉండక కొంచెం ఉబ్బెత్తుగా ఎందుకుంటుంది? చదునైతేనే కదా బంతి తిన్నగా పోవాలి?

జవాబు: మంచి ప్రశ్న. చదునుగా చేస్తే పక్కన తగిలిన బంతులు ఇంకా దారి తప్పుతాయి.

రెండు పళ్ళచక్రాలు కలిసి తిరగడం గుర్తు తెచ్చుకోండి. ఒకటి సవ్యంగా తిరిగితే రెండోది అపసవ్యంగా తిరుగుతుంది. డ్రైవర్ హెడ్ గరిమనాభి ఫేస్ మీద ఉండదు, దానికి మూడు నాలుగు సెంటీమీటర్లు వెనక ఉంటుంది. బంతి టో వైపు తగిలితే హెడ్ ఆ నాభి చుట్టూ కుడికి తిరుగుతుంది. ఫేస్, బంతి ఒకదాన్నొకటి పట్టుకుని ఉన్న ఆ అర మిల్లీసెకనులో ఫేస్ పక్కకు జరుగుతూ బంతిని ఎదురువైపు తిప్పుతుంది. ఫలితంగా బంతికి ఎడమకు వంగే స్పిన్ వస్తుంది. హీల్ వైపు తగిలితే ఇదే వ్యవహారం తిరగబడి కుడికి వంగుతుంది. దీన్నే గేర్ ఎఫెక్ట్ అంటారు. ఐరన్లనే పల్చటి లోహపు తల కర్రల్లో నాభి ఫేస్‌కు దగ్గరగా ఉంటుంది కాబట్టి అక్కడ ఇది లెక్కలోకి రానంత తక్కువ.

చదును ఫేస్ మీద టోతో కొట్టిన బంతి ఇంచుమించు గురి మీదే బయల్దేరి ఎడమకు వంగిపోతుంది. ఫేస్ ఉబ్బుగా ఉంటే టో భాగం కాస్త కుడికి చూస్తుంది. అప్పుడు బంతి కుడిగా బయల్దేరి, వంపు దాన్ని గురి వైపు తిరిగి తెస్తుంది. అడ్డంగా ఉన్న ఈ ఉబ్బును బల్జ్ అంటారు, నిలువుగా ఉన్నదాన్ని రోల్. రెంటి వ్యాసార్ధం పది పన్నెండు అంగుళాల దరిదాపు.

నిలువు దిశలోనూ ఇదే సూత్రం. ఫేస్ పైభాగాన తగిలిన బంతి ఎత్తుగా, తక్కువ స్పిన్‌తో పోతుంది. కింద తగిలింది తక్కువ ఎత్తులో బయల్దేరి, స్పిన్ ఎక్కువై పైకి ఎగదన్నుకుని ముందుకు సాగదు. కాబట్టి ఫేస్ నడిమికి కాస్త పైన తగలడమే మేలు. టీ (బంతిని నిలబెట్టే చిన్న పుల్ల) మీద పెట్టినప్పుడు బంతి సగం హెడ్ పైభాగం కంటే ఎత్తున కనపడాలి.

ప్రశ్న (రిటైర్డ్ ఇంజనీరు, కాకినాడ): నా డ్రైవర్ మెడ దగ్గర స్లీవ్ అనే తొడుగు ఉంది, లాఫ్ట్ పెంచొచ్చు తగ్గించొచ్చు. కింద జరిపే బరువొకటి. తిప్పి తిప్పి గందరగోళం చేశాను. ఒక్కొక్కటి నిజంగా ఏం చేస్తుంది?

జవాబు: ముందు అన్నీ ఫ్యాక్టరీ అమరికకు తెచ్చేయండి. స్లీవ్ నడిమి గుర్తుకు, బరువు నడిమి గాడికి. ఇక ఒకసారి ఒకటే మార్చాలి, మార్చిన ప్రతిసారీ పది బంతులు కొట్టి రాసుకోవాలి. రెండూ ఒకేసారి మారిస్తే దేనివల్ల ఏం జరిగిందో ఎవరూ చెప్పలేరు.

స్లీవ్ చేసేది ఒక్కటే: షాఫ్ట్ హెడ్‌లోకి దిగే కోణాన్ని కాస్త వాలుస్తుంది. లాఫ్ట్ పెంచే వైపు తిప్పి హెడ్‌ను నేల మీద దాని మానాన ఆన్చితే ఫేస్ ఎడమకు మూసుకుని కనపడుతుంది. అదే ఫేస్‌ను చేత్తో గురికి సరిచేసి పట్టుకుంటే అప్పుడు లాఫ్ట్ పెరిగినట్టు. లాఫ్ట్ తగ్గిస్తే ఫేస్ కుడికి తెరుచుకుంటుంది. స్లైస్ పడేవారు దూరం కోసమని లాఫ్ట్ తగ్గించి, ఫేస్‌ను తెరిచేసుకుని, స్లైస్ మరీ పెంచుకోవడం తరచు జరిగే పొరపాటు. మీ గందరగోళానికీ మూలం ఇదే కావచ్చు, చూసుకోండి.

బరువు సంగతి. 200 గ్రాముల హెడ్‌లో 10 గ్రాముల బిళ్ళను 80 మిల్లీమీటర్లు జరిపితే నాభి 4 మిల్లీమీటర్లు జరుగుతుంది. ఆమాత్రమే. బరువు హీల్ వైపు పెడితే నాభి హీల్‌కు దగ్గరై, ఫేస్ నడిమిన కొట్టిన బంతి కూడా నాభికి టో వైపు తగిలినట్టవుతుంది, గేర్ ఎఫెక్ట్ వల్ల ఎడమకు కాస్త వంగుతుంది. చిన్న స్లైస్‌కు ఇది చాలు. పొలం దాటిపోయే స్లైస్‌కు చాలదు. ముందుకీ వెనక్కీ జరిపే రకమైతే వెనకే ఉంచండి. ముందుకు తెస్తే స్పిన్ తగ్గుతుంది, దాంతోపాటు తప్పు కాచే గుణమూ తగ్గుతుంది.

స్క్రూ బిగించడానికి డ్రైవర్‌తో వచ్చిన టార్క్ రెంచ్ మాత్రమే వాడండి. అది సాధారణంగా 40 ఇంచ్-పౌండ్ల దగ్గర టక్కుమంటుంది. ఆ చప్పుడు రాగానే ఆపేయాలి. బైకు మెకానిక్ దగ్గర దొరికే ఎల్-కీతో బలమంతా పెట్టి తిప్పితే స్లీవ్ లోపలి మర అరిగిపోతుంది, తర్వాత ఎంత బిగించినా నిలవదు. అమరికలు ఆట మొదలవక ముందే మార్చుకోవాలి. రౌండ్ మధ్యలో మార్చడం నిబంధనలు ఒప్పుకోవు. కాకినాడలో ఉప్పుగాలి కాబట్టి ఇంకో మాట: టైటానియం తుప్పు పట్టదు గానీ ఉక్కు స్క్రూలు పడతాయి. రెండు నెలలకొకసారి విప్పి, పొడిగుడ్డతో తుడిచి మళ్ళీ బిగించండి.

ప్రశ్న (గృహిణి, పాలకొల్లు): నా ఎత్తు 5 అడుగులు. మావారి డ్రైవర్ 45.5 అంగుళాలు, దాంతోనే నేర్చుకుంటున్నాను. అదుపులోకి రావట్లేదు. కోయించి పొట్టి చేసుకోవచ్చా?

జవాబు: కోసేముందు కోయకుండా పరీక్షించండమ్మా. గ్రిప్‌ను ఒక అంగుళం కిందికి పట్టుకుని, రంగు టేపుతో గుర్తు పెట్టి, రెండు వారాలు అక్కడే పట్టుకుని కొట్టండి. ఫేస్ మీద సుద్ద గుర్తులు దగ్గరకు వస్తే కోయడం దండగ కాదు. పొడుగు తగ్గితే తగులు మెరుగవుతుంది. పోయే కాస్త వేగానికి బదులు మధ్యలో తగిలిన బంతి ఆ దూరాన్ని తెచ్చిపెడుతుంది. నిబంధనల్లో గరిష్ఠం 48 అంగుళాలు. పెద్ద పోటీలకు 46 దాటకూడదన్న స్థానిక నిబంధనకు 2022 నుంచి వీలుంది. ఈ అంకెలు వేగం వెంట పడేవారి సమస్య, మీది కాదు. ఆడవాళ్ళ డ్రైవర్లు మామూలుగా 44 అంగుళాల దరిదాపులో, లాఫ్ట్ 12 అంతకు మించి, షాఫ్ట్ ఇంకా తేలిగ్గా, మెత్తగా వస్తాయి. మీవారిది కోయడం కంటే అలాంటిది పాతదైనా కొనుక్కోవడం మేలని మా సలహా.

కోయాలనే నిర్ణయించుకుంటే, కోయాల్సింది గ్రిప్ వైపు కొస. హెడ్ వైపు కోస్తే షాఫ్ట్ గట్టిపడిపోతుంది. పాత గ్రిప్‌ను బ్లేడుతో మనిషికి ఎదురుదిక్కుగా చీల్చి తీయాలి, షాఫ్ట్ మీద గాటు పడకూడదు. కోసే చోట మాస్కింగ్ టేపు రెండు చుట్లు బిగించి, సన్న పళ్ళ హాక్సా బ్లేడుతో నిదానంగా కోయాలి. టేపు లేకపోతే కార్బన్ పోగులు లేచి చీలుతుంది. ఆ పొడి ఊపిరితిత్తులకు మంచిది కాదు, మాస్కు కట్టుకుని ఆరుబయటే చెయ్యాలి. కోసిన చోట షాఫ్ట్ కాస్త సన్నబడి ఉంటుంది కాబట్టి కొత్త గ్రిప్ కింద టేపు ఒక పొర అదనంగా వెయ్యాలి.

ఇక్కడ చాలామంది మరిచిపోయేది హెడ్ బరువు. అంగుళం పొడుగు తగ్గితే చేతికి హెడ్ జాడ తెలియనంత తేలికైపోతుంది. సాంకేతికంగా ఆరు స్వింగ్‌వెయిట్ (ఊపేటప్పుడు హెడ్ బరువు చేతికి తెలిసే కొలత) పాయింట్లు పడిపోయినట్టు. పూర్తిగా తిరిగి తేవాలంటే సుమారు 12 గ్రాములు కలపాలి. మీకు అంత అక్కర్లేకపోవచ్చు. 4 గ్రాములతో మొదలుపెట్టి రెండేసి గ్రాములు పెంచుతూ వెళ్ళండి, హెడ్ ఎక్కడుందో చేతికి తెలియగానే ఆగండి. సీసపు టేపు దొరికితే అదే శ్రేష్ఠం. అర అంగుళం వెడల్పున్నది నాలుగు అంగుళాలు అంటిస్తే సుమారు 2 గ్రాములు. దొరక్కపోతే వలలకు కట్టే సీసపు గుళ్ళను సుత్తితో రేకులా సాగగొట్టి, బంగారు కొట్టులో తూయించి, గట్టి డబుల్ సైడ్ టేపుతో హెడ్ అడుగున వెనకవైపు నడిమిన అంటించండి. సీసం ముట్టుకున్నాక చేతులు సబ్బుతో కడుక్కోవాలి. పిల్లలకు అందనివ్వకూడదు.

ప్రశ్న (కొబ్బరి రైతు, అమలాపురం): తోటలో వల కట్టి కొట్టుకుందామనుకుంటున్నాను. చేపల చెరువు మీద పక్షుల కోసం కట్టే వల ఇంట్లో ఉంది. పనికొస్తుందా?

జవాబు: రాదు. ఆ దారం మరీ సన్నం. మామూలు వేగంతో కొట్టినా డ్రైవర్ నుంచి బంతి గంటకు 200 కిలోమీటర్ల పైనే బయల్దేరుతుంది. మొదటి రోజు ఆగొచ్చు, పదో రోజు అదే చోట తెగి అవతలి మనిషికి తగులుతుంది.

బంతి అడ్డుకొలత 42.67 మిల్లీమీటర్లకు తగ్గదు, కాబట్టి కన్ను 25 మిల్లీమీటర్లు దాటని, మందమైన నైలాన్ అల్లిక వల తీసుకోండి. వెడల్పు, ఎత్తు కనీసం 3 మీటర్లు. దాన్ని మంచం నవారులా బిగించి కట్టడం పెద్ద తప్పు. బిగువుగా ఉన్న వల బంతిని మీ మొహం మీదికే తిప్పికొడుతుంది. పైన తాడుకు వేలాడదీసి, అడుగున నేల మీద అర మీటరు పొర్లేలా వదులుగా వదలాలి. బంతికీ వలకూ మధ్య 3 మీటర్ల ఎడం. వల వెనక కనీసం ఒకటిన్నర మీటరు ఖాళీ ఉండాలి, గోడో చెట్టు మొదలో వలకు ఆనుకుని ఉంటే బంతి వలతో సహా వెళ్ళి కొట్టుకుంటుంది. బంతి ఎక్కువగా తగిలే నడిమి భాగానికి రెండో పొర కట్టండి. ఎండకు, ఉప్పుగాలికి నైలాన్ పెళుసవుతుంది. నెలకోసారి బొటనవేళ్ళతో గట్టిగా లాగి చూడండి, ఒక్క పోగు తెగినా ఆ చోటు మార్చాలి. కొబ్బరిచెట్టు కింద మాత్రం నిలబడకండి, పై నుంచి కాయ పడితే వల కాయదు.

వలలోకి కొట్టినప్పుడు బంతి వంపు కనపడదు. కాబట్టి సుద్ద గుర్తులే మీకు ఆధారం, వల సాధనలో అవి చూసుకోకపోతే తప్పునే గట్టిపరుచుకుంటారు. హీల్ వైపు గుర్తులు పదేపదే పడుతుంటే బంతికి మరీ దగ్గరగా నిలబడుతున్నారేమో చూసుకోండి. టో వైపైతే దూరంగా. హెడ్ పైభాగాన తెల్లటి మరకలు పడుతుంటే టీ మరీ ఎత్తుగా ఉందో, పైనుంచి నిటారుగా దించుతున్నారో.

ప్రశ్న (బ్యాంకు ఉద్యోగి, రాజమహేంద్రవరం): గోల్కొండ దగ్గర హైదరాబాదు కోర్సులో కొట్టినంత దూరం విశాఖలో పోవట్లేదు. సముద్రపు తేమగాలి బరువు కదా, అందుకేనా?

జవాబు: తేమ గాలి బరువు కాదండీ, పొడిగాలి కంటే తేలిక. నీటి ఆవిరి అణువు నత్రజని, ఆక్సిజన్ అణువుల కంటే తేలిక కాబట్టి. ఆ తేడా కూడా గజానికి అటూ ఇటూ మించదు. అసలు కారణం ఎత్తు. హైదరాబాదు సముద్రమట్టానికి సుమారు 540 మీటర్ల ఎత్తున ఉంది, అక్కడ గాలి అయిదు శాతం దాకా పల్చన. 200 గజాల దెబ్బకు నాలుగు గజాల తేడా రావచ్చు. అంతకు మించి తగ్గుతోందంటే తీరపు గాలి ఎదురు వీస్తోందన్నమాట.

ఎదురుగాలికి చాలామంది టీని బాగా తగ్గించి కొడతారు. అది బెడిసికొడుతుంది. టీ తగ్గితే బంతి ఫేస్ కిందిభాగాన తగిలి స్పిన్ పెరుగుతుంది, ఆ స్పిన్‌ను ఎదురుగాలి అందుకుని బంతిని పైకి లేపుతుంది. టీని అలాగే ఉంచి, గ్రిప్‌ను అంగుళం కిందికి పట్టుకుని, వేగం తగ్గించి మధ్యలో తగిలించండి.

ప్రశ్న (నరసాపురం): ఆన్‌లైన్లో కొత్త మోడల్ డ్రైవర్ సగం ధరకే ఇస్తామంటున్నారు. అసలుదో నకిలీదో ఎలా తెలుస్తుంది? పాతది కొంటే ఏం చూడాలి?

జవాబు: డబ్బు కట్టేముందు మెడ దగ్గర చెక్కిన సీరియల్ నంబరు ఫొటో అడగండి, ఆ నంబరును కంపెనీ కస్టమర్ కేర్‌కు పంపి సరిచూసుకోండి. నంబరు ఇవ్వనన్నవాడి దగ్గర కొనకండి. చేతికొచ్చాక ఫేస్ మీద అయస్కాంతం పెట్టండి. టైటానియం ఫేస్ అని చెప్పి అయస్కాంతం అంటుకుంటే అది ఉక్కు. అంటుకోనంత మాత్రాన అసలుదని అర్థం కాదు, అల్యూమినియానికీ అంటుకోదు. స్క్రూలు, బరువు బిళ్ళల దగ్గర అంటుకోవడం మాత్రం మామూలే. డ్రైవర్ మొత్తం బరువు తూయించండి. గ్రాఫైట్ షాఫ్ట్‌తో సుమారు 290 నుంచి 330 గ్రాముల మధ్య ఉండాలి. ఆ మోడల్ పేరు, లాఫ్ట్ గోల్ఫ్ నిబంధనలు రాసే ఆర్ అండ్ ఏ, యూఎస్‌జీఏ సంస్థల వారి ఆమోదిత హెడ్ల జాబితాలో ఉందో లేదో కూడా చూడండి.

పాతదానికి అసలు పరీక్ష ఫేస్. ఉక్కు స్కేలు అంచును అడ్డంగా, తర్వాత నిలువుగా ఫేస్‌కు ఆనించి వెలుతురుకు పట్టండి. రెండు పక్కలా వెలుతురు అంచు నుంచి నడిమికి సమానంగా పల్చబడుతూ కనపడాలి. నడిమిన చదునుగానో గుంటగానో ఉంటే ఫేస్ లొంగిపోయింది, ఇక అది తప్పు కాయదు. తర్వాత ఫేస్ మీద సుద్దపొడి రుద్ది గుడ్డతో తుడవండి. పగులుంటే సన్నటి తెల్లగీత మిగిలిపోతుంది. గాళ్ళలో మిగిలే సుద్దను పగులనుకోకండి. గీత ఫేస్, పైభాగం కలిసే అంచున ఉంటే అస్సలు కొనొద్దు. చివరగా నాణెంతో ఫేస్ అంతా తట్టి వినండి. మోగుతూ మోగుతూ ఒక చోట మొద్దుగా పలికితే లోపల ఏదో విడిపోయింది.

ప్రశ్న (తణుకు): కొత్త డ్రైవర్ల మీద 10కె అని వేస్తున్నారు. నిబంధనల్లో జడత్వ భ్రామకానికి హద్దుంది కదా, 10 వేలు ఎలా కుదిరింది?

జవాబు: హద్దు నిలువు అక్షం చుట్టూ, అంటే టో-హీల్ తిప్పుడుకు మాత్రమే: 5900 గ్రామ్-చదరపు సెంటీమీటర్లు, పైన కొలతలో తేడాకు 100. పై-కింద తిప్పుడుకు హద్దు లేదు. ఈ రెండు అంకెల్నీ కూడి 10 వేలు దాటిందని 10కె అంటున్నారు. 2024లో వచ్చిన పింగ్, టేలర్‌మేడ్ కంపెనీల మోడళ్ళతో ఈ పేరు ప్రచారంలోకి వచ్చింది. గుణం నిజమే, అంకె మాత్రం రెంటి మొత్తం. గుర్తులు చెల్లాచెదురుగా పడేవారికి ఇలాంటి హెడ్ బాగా ఉపయోగం. పది రూపాయల బిళ్ళలోపల కొట్టేవారు ఆ డబ్బుతో రెండుసార్లు విశాఖ వెళ్ళి ఆడి రావడం మంచిది.

ప్రశ్న (మండపేట): వేసవిలో చెమటకు గ్రిప్ జారుతోంది, గట్టిగా పట్టుకుంటే బంతి కుడికే పోతోంది.

జవాబు: కారణం మీరే రాశారు. గట్టిగా పిండితే మణికట్లు బిగుసుకుని ఫేస్ సమయానికి తిరిగి రాదు. గ్రిప్‌ను గిన్నెలు తోమే సబ్బు, గోరువెచ్చని నీళ్ళతో మెత్తని బ్రష్ పెట్టి కడిగి నీడలో ఆరబెట్టండి. చెమట నూనె పోగానే పాత గ్రిప్ కూడా పట్టునిస్తుంది. అయినా జారితే నూలు పోగు కలిపిన కార్డ్ గ్రిప్ వేయించండి.

ప్రశ్న (యానాం): డ్రైవర్ ఊపితే హెడ్‌లో ఏదో గలగలమంటోంది. రోజూ కారు డిక్కీలోనే ఉంచుతాను.

జవాబు: చాలాసార్లు అది లోపల రాలిన జిగురు ముక్క. షాఫ్ట్‌ను హెడ్‌లో నిలిపేది ఎపాక్సీ జిగురు, మండే ఎండలో డిక్కీ వేడికి పదేపదే మెత్తబడి పట్టు సడలుతుంది. ముక్క రాలితే చప్పుడు తప్ప పెద్ద నష్టం లేదు. తేల్చుకోవాల్సింది షాఫ్ట్ పట్టు. హెడ్‌ను ఒక చేత్తో గట్టిగా పట్టుకుని గ్రిప్‌ను రెండు వైపులా మెలితిప్పండి. మెడ దగ్గర పెన్నుతో గీత గీసి చేస్తే స్పష్టంగా తెలుస్తుంది. వెంట్రుకవాసి కదిలినా ఇక ఒక్క బంతి కూడా కొట్టకండి, హెడ్ ఊడి ఎగిరితే ఎదుటివారి ప్రాణం మీదికొస్తుంది. కదలకపోతే నిశ్చింతగా ఆడుకోండి. డ్రైవర్‌ను మాత్రం ఇవాళే ఇంట్లోకి తెచ్చి, తలుపు వెనక నీడలో నిలబెట్టండి.